ఆయమ్మ అబద్ధం

వేడినీళ్ళలో ముంచిన గుడ్డను గట్టిగా పిండి, ఆసుపత్రి వార్డులో ఆయమ్మ, రోగిగా చేరిన బేకరీ ఆయన వీపు తుడుస్తోంది. ఆమె పొట్టిగా, గుండ్రంగా ఉండే మనిషి. చేతులు మోచేతుల దాకా సబ్బునీళ్ళకు పాలిపోయాయి. నడుస్తుంటే ఎడమ మోకాలు కిర్రుమంటుంది. ఆమె కంటే ముందు ఆమె మోకాలే వార్డులోకి వస్తుందని రోగుల హాస్యం.

"ఇంజెక్షన్ నొప్పి పుడుతుందా ఆయమ్మా?" అన్నాడు బేకరీ ఆయన.

"పుడుతుంది బాబూ. అరవాలనిపిస్తే అరిచేయండి. నేనెవరికీ చెప్పను."

నర్సు సూది గుచ్చింది. ఆయన పెట్టిన గావుకేకకు కిటికీ మీది పిట్ట ఎగిరిపోయింది.

"మీరే అందరికీ చెప్పేసుకున్నారు," అంది ఆయమ్మ. వార్డంతా నవ్వింది.

ఆమె అబద్ధమాడదని ఆ ఆసుపత్రిలో గోడలకు కూడా తెలుసు. దర్జీపని చేసే ఆమె భర్త, పెళ్ళయిన కొత్తలో చర్చిలో తాను పాడిన పాట ఎలా ఉందని ఆమెను అడిగి, ఆ పొరపాటు మళ్ళీ చేయలేదు. "మనస్సాక్షిలో తప్పు కంట్లో నలుసు లాంటిదే," అనేది ఆమె తల్లి. "నలిపితే పోదు. కడుక్కోవాలి."

నిన్నటి నుంచి ఆ నలుసు ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు.

చివరి మంచం మీద తాపీమేస్త్రి ఉన్నాడు. ఒకప్పుడు ఇటుకలు మోసిన భుజాలు ఇప్పుడు దుప్పటి కింద చొక్కా తగిలించిన కొయ్యలా ఉన్నాయి. నిన్న ఆయన కూతురు వరండాలో ఆయమ్మ చేతులు పట్టుకుంది. "ఇక కొద్దిరోజులేనన్నారు డాక్టరుగారు. నాన్న మీ మాటే నమ్ముతాడు. వారంలో ఇంటికెళ్తావని ఒక్క మాట చెప్పండి ఆయమ్మా," అని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయమ్మ మనసు వెన్నలా కరిగిపోయింది. లోపలికి వెళ్ళి ఆ మాట చెప్పేసింది. మేస్త్రి ఆమె ముఖంలోకి కాసేపు చూసి, "అలాగా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ ఉదయం ఇంట్లో మోకరించి "ప్రభువా" అన్నది గానీ, ఆపై మాట రాలేదు. జాలిపడే కదా చెప్పాను అని వాదించి చూసింది. ఆ వాదన ఆమె చెవులకే అతకలేదు. చివరికి, "తప్పే తండ్రీ, క్షమించు" అనేసింది. గుండె తేలికపడింది గానీ, చేయాల్సిన పని ఒకటి మిగిలిందని కూడా తెలిసింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"అబద్ధం చెప్పాను."

దర్జీ చేతిలో సూది ఆగిపోయింది. "నువ్వా! కొంపదీసి నా పాట బాగుందన్నావా ఎవరితోనైనా?"

ఏడవబోయినదల్లా నవ్వేసి పనికి వచ్చింది.

బేకరీ ఆయన దిండు సర్ది, చేతులు తుడుచుకుని, ఆయమ్మ చివరి మంచం దగ్గరికి నడిచింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మేస్త్రిగారూ, నిన్న నేను చెప్పింది నిజం కాదు. ఇంటికి పంపుతామని డాక్టరుగారు అనలేదు. మీరు నన్ను నమ్మారు. నేను మిమ్మల్ని మోసం చేశాను. నన్ను క్షమించండి."

ఆయన కళ్ళు మెల్లగా నవ్వాయి. "బతుకంతా గోడలు కట్టినవాణ్ణమ్మా. ఒరిగే గోడ ముందుగానే చప్పుడు చేస్తుంది. నాకు వినబడుతూనే ఉంది. నువ్వు కూడా అబద్ధం చెప్పేసరికి మాత్రం, నిజం మాట్లాడుకోవడానికి ఇంకెవరూ లేరే అనిపించింది."

ఆయమ్మ తల వంచుకుంది.

"పోనీలే. అబద్ధమాడటం నీకు అసలు చేతకాదు. చెవులు ఎర్రబడిపోయాయి. కానీ నాకు తెలుసని పిల్లకు తెలియనివ్వకు. అది నా కోసం నవ్వుతోంది, నేను దాని కోసం నవ్వుతున్నాను."

"మళ్ళీ నన్నే దాచమంటారా? నిన్న ఒక్కటి దాచినందుకే నా ప్రార్థన గొంతులో ఇరుక్కుంది. నేను మీతో ఏం చెప్పానో అమ్మాయిగారికి చెప్పాలి."

మేస్త్రి తల ఊపాడు. "సరే, చెప్పు," అన్నాడు.

కూతురు వార్డు గుమ్మంలోకి రాగానే, తండ్రికి నిజం చెప్పేశానని ఆయమ్మ చెప్పేసింది. కూతురి ముఖం కందిపోయింది. "మిమ్మల్ని నమ్మినందుకు నాకు బుద్ధి రావాలి! పెద్ద నర్సుగారితో చెప్తాను!"

"చెప్పండమ్మా, మీకు ఆ హక్కుంది. కానీ ముందు నాన్నగారి దగ్గరికి వెళ్ళండి. ఆయనకు ముందే తెలుసు. మీకోసం తెలియనట్టు ఉన్నారు."

కూతురు గోడ పట్టుకుని నిలబడింది. తర్వాత లోపలికి పరుగెత్తింది.

ఏడుపు వినిపించింది. ఆపైన ఆయమ్మ మరుగుదొడ్లు కడిగి వచ్చేసరికి నవ్వులు వినిపిస్తున్నాయి. కూతురు తండ్రి గడ్డానికి నురగ రాసి గీస్తోంది.

"నిజాలే చెప్పుకుందామన్నావుగా నాన్నా, విను. ఊళ్ళో అందరికీ చక్కటి మేడలు కట్టావు. మన ఇంటి మెట్లలో మాత్రం ఒక్కటీ సమానంగా లేదు. మేం ముగ్గురు పిల్లలం వాటి మీద పడే పెద్దయ్యాం."

"మీ అమ్మ తొందరపెట్టిందే! అయినా నువ్వు వండే కూరలో ఉప్పు ఏ రోజైనా సరిపోయిందా?"

"మరి లొట్టలేసుకుని తినేవాడివి!"

"అది నా అబద్ధం. క్షమించు తల్లీ."

పక్క మంచాలవాళ్ళు కూడా పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి అలసిపోయిన మేస్త్రి, నున్నటి చెంపను కూతురి అరచేతిలో ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎండ కిటికీ దాటి మంచం మీదికి వచ్చే వేళకు ఆ చెంప చల్లబడింది. నిద్రపోతున్నాడనుకుని ఆమె చెయ్యి తీయలేదు. ఆయమ్మే వచ్చి చూసి, నెమ్మదిగా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

కళ్ళు తుడుచుకుంటూ కూతురు, "పెద్ద నర్సుగారికి చెప్పలేదు," అంది.

"తెలుసమ్మా."

"నాన్నకు నిజం ఇంకొంచెం ముందే చెప్పి ఉండాల్సింది మీరు."

"అవునమ్మా. ఒక రోజు ఆలస్యం చేశాను."

కూతురు ఆమె భుజానికి తల ఆనించింది. ఇంటివాళ్ళు మేస్త్రిని తీసుకువెళ్ళాక ఆయమ్మ దుప్పటి తీసి మడతపెట్టింది. మంచం పట్టీ తుడుస్తూ "ప్రభువా" అంది. ఈసారి మాటలు వాటంతటవే వచ్చాయి.

మంచం పక్క బల్ల మీద, గడ్డం గీసిన కుంచె నిలబడి ఉంది. దాని మొదట్లో సబ్బునురగ ఇంకా తడి ఆరలేదు.