ఎవరి చేతులైనా సరే

ఓడ అడుగున పనిచేసే వెన్సెస్లావోను చెక్కపలక మీద పడుకోబెట్టి ఓడలోంచి మోసుకొచ్చారు. మోకాలి కింద కాలు కాలులా లేదు. సాన్ అంతోనియో రేవు క్యాంటీన్లో పదకొండేళ్లుగా వండుతున్నదాన్ని, గరిటె పట్టుకునే బయటికి పరిగెత్తాను. ముందు చూసింది అతన్ని కాదు, క్రేన్ పైకి. అక్కడ నా కూతురు నయారెత్ ఉంది.

క్రేన్ నడిపేవాళ్లకు ఓడ అడుగు కనబడదు. ఓడ అంచున నిలబడి చేతులతో సైగ చేసే మనిషే వాళ్లకు కళ్లు. ఇరవై ఏళ్లు ఆ పని చేసిన దోన్ ఒస్వాల్దోను కాంట్రాక్టరు సోమవారం తీసేసి, కెమెరా పెట్టించాడు. గురువారానికి దానికి ఎరువు దుమ్ము పట్టేసింది. నా పిల్ల సంచుల కట్టను గుడ్డిగా వెన్సెస్లావో కాలి మీద దించింది.

సూపర్‌వైజర్ ఉర్రెహోలా వచ్చాడు. "అంబులెన్సు తీసుకుపోతోంది కదా, ఇంకేంటి? కానివ్వండి. సాయంత్రానికి ఓడ కదలాలి."

క్యాంటీన్ ముందు కూలీలు మూగారు.

"ఒస్వాల్దో లేకుండా ఓడలోకి దిగేది లేదు!"

"దిగకపోతే రేపు పని పిలుపులో నీ పేరుండదు. ముగ్గురు పిల్లలు నీకు."

"వెన్సెస్లావోకు నలుగురు."

"సంఘం పెద్దలు మాట్లాడతారంట."

"మాట్లాడి మాట్లాడి వాళ్ల గొంతులు పోయాయి, మన కాళ్లు పోయాయి."

అందరూ అలసిపోయి ఉన్నారు. ఒక్కొక్కరే హెల్మెట్ పెట్టుకుని వెళ్లారు. ఇంజను మళ్లీ మోగింది.

ఈసారి కింద ఇంకెవరో చస్తారు, నా పిల్ల జైలుకు పోతుంది. నాకింకేం తోచలేదు. గట్టు చివరికి పరిగెత్తాను. ఆ రొదలో అరుపు వినబడదు. దిగిరా తల్లీ, ఇంటికి పోదాం అని రెండు చేతులూ పైకెత్తాను.

క్రేన్ ఆగిపోయింది. సంచుల కట్ట గాలిలో నిలిచింది.

రేవులో రెండు చేతులూ ఎత్తితే ఆపమని. ఎవరి చేతులైనా సరే, అవి దిగేదాకా క్రేన్ కదలకూడదు. ఇన్నేళ్లు ఇక్కడ వండి పెట్టినా ఆ భయంలో నాకు గుర్తే రాలేదు.

"సైగ ఎవరిచ్చారు? వంటామెనా?" ఉర్రెహోలా వైర్‌లెస్‌లో అరిచాడు. "నయారెత్, కదుపు!"

"చేతులు పైనే ఉన్నాయి సార్. ఆ రూలు మీరు నేర్పిందే."

అతను నా వైపు తిరిగాడు. "దోన్యా ఎర్సిలియా, చేతులు దించు. దించితే మీ అమ్మాయి ఉద్యోగం ఉంటుంది. లేదంటే ఇద్దరూ ఇంటికే."

నిజం చెబుతున్నాను, దించేద్దామనే అనుకున్నాను. కానీ నా చేతులు దిగితే ఆ కట్టా దిగుతుంది. కింద పన్నెండు మంది. పొద్దున నేను వండిన చిక్కుడు గింజల పులుసు తిని దిగినవాళ్లు.

భుజాలు లాగేసి మోచేతులు వంగిపోతున్నాయి. అంబులెన్సు కోసం తెరిచిన గేట్లోంచి దూరిన ఒస్వాల్దో వచ్చి పక్కన నిలబడి చేతులెత్తాడు. "పిట్టల్ని తోలుతున్నావా అమ్మా? మోచేతులు చాపు," అన్నాడు. తర్వాత లారీ డ్రైవరొకడు ఎత్తాడు. తర్వాత ఓడ మీదివాళ్లు. పక్క ఓడ క్రేనూ ఆగింది.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. నా చేతులు బిగుసుకుపోయాయి. ఇద్దరు కలిసి లాగి దించారు. ఒస్వాల్దోనూ నన్నూ వ్యానెక్కించారు. నా వైపు కిటికీ లేదు.

"నా పిల్ల ఏదీ?"

ఆయన తన వైపు కిటికీ జాలీలోంచి చూశాడు. "కట్టను గట్టు మీద పెట్టి దిగింది. ఉర్రెహోలా క్రేన్ నిచ్చెన దగ్గర నిలబడి, ఎక్కమని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు."

"ఎవరెక్కారు?"

ఆయన జాలీకి మొహం ఆనించాడు.

"ఎవరూ ఎక్కలేదమ్మా."