అడ్డొస్తే ఆగు

ఓడెట్ గిడ్రీకి పదేళ్ళు. నోటికి మాత్రం యాభై ఉంటాయి. నాలుగో తరగతిలో ఆ పిల్లతో జట్టు కట్టమంటే చాలు, మిగతావాళ్ళకి కడుపునొప్పి వచ్చేసేది. అందుకే ఫాంటెనో టీచర్ వెతికి వెతికి, ఎవరేమన్నా నవ్వి ఊరుకునే టేవియన్‌ని తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టింది.

మార్డీ గ్రా పండగ సెలవులకు ముందు శుక్రవారం బడి వరండాలో ఊరేగింపు. జట్టుకో రోబో ఇచ్చారు. పిడికిలంత ఒళ్ళు, రెండు చక్రాలు, ఎదురుగా ఏమైనా ఉంటే పసిగట్టే ఒక కన్ను. దాని నెత్తిన చెప్పుల పెట్టె మూతతో చేసిన శకటం, మూత అంచు చుట్టూ వంచిన పిన్నులు, పిన్నులకు పూసల దండలు. రోబో గిర్రున తిరిగితే ఓ దండ ఎగిరి జనంలో పడాలి. ఎప్పుడు నడవాలో ఎప్పుడు తిరగాలో పిల్లలే టాబ్లెట్‌లో రాసిపెట్టాలి. ఊరేగింపులో టాబ్లెట్ ముట్టుకోవచ్చు గానీ, రోబో మీద చెయ్యి పడిందా, ఆ జట్టు అవుట్.

ఓడెట్‌కి ఈ ఊరేగింపు ఆట కాదు. మొన్న శనివారం ఊళ్ళో జరిగిన అసలు ఊరేగింపులో, శకటాల మీంచి జనంలోకి పూసల దండలు విసిరారు గానీ, వాళ్ళ తమ్ముడు బాష్‌కి ఒక్క దండ కూడా దక్కలేదు. వాడికి ఐదేళ్ళు. గొంతు పోయేలా అరిచాడు, కానీ ముందు నిలబడ్డ పెద్దవాళ్ళు అన్నీ గాల్లోనే అందుకున్నారు. ఆ ఊరివాడికి అంతకంటే అవమానం ఇంకేముంటుంది? వాడు ఇంటిదాకా ఏడ్చాడు.

"ఏడవకురా. శుక్రవారం నా బండి మీ క్లాసు గుమ్మం ముందు ఆగి నీకు వేస్తుంది. ఒట్టు!" అంది ఓడెట్.

అందుకే ఆమె రాసిన ఆదేశాలు మూడే మూడు. ముందుకు నడు. ఎవరైనా అడ్డొస్తే, తప్పుకునేదాకా ఆగు. కిండర్‌గార్టెన్ గుమ్మం చేరాక గిర్రున తిరుగు.

"అడ్డొచ్చినవాళ్ళకి కూడా ఓ దండ వేద్దామే," అన్నాడు టేవియన్.

"ఆహా! దారిలో కనబడ్డోడికల్లా పంచిపెడితే మా బాష్‌కి ఏం మిగులుద్ది, నీ మొహమా?"

టేవియన్ నవ్వి ఊరుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం చీటీల్లో ఓడెట్ శకటానికే మొదటి స్థానం వచ్చింది. వెనక ఇంకో ఆరు. వరండాకి రెండు వైపులా చిన్న తరగతుల పిల్లలు, ఆ చివర గుమ్మంలో బాష్. రోబో నాలుగడుగులు నడిచిందో లేదో ఒకటో తరగతి మూక వచ్చి దారికి అడ్డంగా నిలబడింది. "మాకెయ్యి! మాకెయ్యి!" అని ఒకటే గోల. అడగందే అమ్మైనా పెట్టదని వాళ్ళకి ఉయ్యాల్లోనే తెలుసు.

రోబో ఆగింది. వాళ్ళు తప్పుకుంటేగాని అది కదలదు. అది దండ వేస్తేగాని వాళ్ళు తప్పుకోరు. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదన్నట్టు తయారైంది వ్యవహారం.

"జరగండ్రా, మీకు పుణ్యముంటుంది!" అని ఓడెట్ బతిమాలింది. తర్వాత తిట్టింది. ఒక్కడు జరిగితే ఒట్టు. వెనక ఆరు శకటాలు ఒకదాని వీపుకొకటి ఆనుకుని నిలబడ్డాయి.

"ఓడెట్, బస్సులకి ఇంకా ఇరవై నిమిషాలే ఉంది," అంది టీచర్.

ఓడెట్ మొహం ఎర్రబడింది. మింగలేక కక్కలేక టాబ్లెట్ తీసి టేవియన్ చేతిలో పెట్టింది. "ఊ, నువ్వన్నట్టే కానీ. నవ్వావంటే చంపేస్తా!"

వాడు రెండో ఆదేశం మార్చాడు. అడ్డొస్తే ఒకసారి గిర్రున తిరుగు, అడ్డు తొలగితే నడు. రోబో తిరిగింది, దండ ఎగిరింది, పిల్లలు కేకలేస్తూ పక్కకి ఉరికారు. దారి ఖాళీ అయింది. అయితే ఒకటో తరగతివాళ్ళు తెలివితక్కువ వాళ్ళేం కాదు. అడ్డు నిలబడితే దండ వస్తుందని కనిపెట్టాక ఊరుకుంటారా? రెండడుగుల అవతల మళ్ళీ అడ్డం. మళ్ళీ దండ. ఆపైన రెండో తరగతి కూడా దిగింది. ఓడెట్ వేళ్ళు మడుస్తూ మిగిలిన దండలు లెక్కపెట్టుకుంటోంది: ఎనిమిది, ఐదు, రెండు. గుమ్మానికి నాలుగడుగుల దూరంలో చివరి దండ కూడా ఎగిరిపోయింది.

ఖాళీ మూతతో శకటం గుమ్మం చేరింది. బాష్ దానికి ఎదురుగా వచ్చి రెండు చేతులూ చాచాడు. రోబో గిర్రున తిరిగింది. ఏమీ రాలేదు. వాడు పక్కకి జరిగి, మళ్ళీ ఎదురొచ్చి నిలబడ్డాడు. అది మళ్ళీ తిరిగింది. ఏమీ రాలేదు.

బాష్ వంగి ఖాళీ పిన్నుల్ని కాసేపు చూశాడు. తర్వాత నేలమీద చతికిలబడి బూటు విప్పి, మేజోడు లాగి ఓ పిన్నుకి తగిలించాడు. లేచి రోబోకి ఎదురుగా నిలబడి, "నాకెయ్యి!" అని అరిచాడు.

రోబో గిర్రున తిరిగింది. మేజోడు ఎగిరొచ్చి వాడి ముక్కుకి కొట్టుకుంది.

"అక్కా! నాకేసింది! నాకే!"

"టీచర్! వాడు చెయ్యి పెట్టాడు!" వెనక జట్టులోంచి ఎవరో అరిచారు.

"చెయ్యి పెట్టొద్దన్నది మీకు. వాడు చూడ్డానికొచ్చినవాడు," అంది ఫాంటెనో టీచర్, నవ్వు బిగబట్టుకుంటూ.

రోబో జానెడు నడిచేలోపే బాష్ మేజోడు మళ్ళీ తగిలించి ఎదురు నిలబడ్డాడు. మళ్ళీ ఎగిరింది, మళ్ళీ పట్టుకున్నాడు. అది చూసి కిండర్‌గార్టెన్ మొత్తం నేలమీద కూర్చుని బూట్లు విప్పడం మొదలెట్టింది. మెళ్ళో దండలున్న ఒకటో తరగతివాళ్ళు ఈర్ష్యగా చూస్తూ నిలబడ్డారు.

"ఆపెయ్యనా? బస్సులొచ్చేశాయి," అన్నాడు టేవియన్, టాబ్లెట్ మీద వేలు పెట్టి.

ఓడెట్ వాడి చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండరా బాబూ, ఇంకొక్కసారి. మా వాడి వంతు మళ్ళీ వస్తోంది."