తీగ పట్టిన చెయ్యి

ఏప్రిల్ వచ్చిందంటే చెక్ దేశంలో జాటెట్స్ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరి గోళ్లు చూసినా ఎర్రమట్టే. బ్లాజెనా కూడా వంటింటి కిటికీ కింద మూడు గుంటలు తవ్వి, మొలక కళ్లు పైకుండేలా బీరుకు చేదునిచ్చే హాప్స్ తీగ దుంపవేర్లు మూడు పడుకోబెట్టి, మట్టి కప్పి నీళ్లు పోసింది.

"ఈ వయసులో ఈ సరదా ఏమిటే?" కిటికీలోంచి అడిగాడు మొగుడు ఓటకార్.

"నీకెందుకయ్యా? నువ్వు బంగాళాదుంపలు చెక్కు తియ్యి."

ఓటకార్ ఒకప్పుడు హాప్స్ తోటల్లో ఏడు మీటర్ల స్తంభాలెక్కి తాళ్లు కట్టినవాడు. రెండేళ్ల కిందట పైనుంచి పడ్డాడు. ఎముకలు అతుక్కున్నాయి గానీ భయం పోలేదు. గడప కన్నా ఎత్తైనదేదీ ఎక్కడు. పడకగది మేడమీద, పన్నెండు మెట్లు. అతను వంటింట్లో నేలమీద పరుపేసుకుని, ఆమె పైన ఒక్కర్తే. మొగుడూ పెళ్లాలు రోజూ మెట్ల దగ్గర "పడుకో మరి" అనుకుని విడిపోతారు. అంత చిన్న ఇంట్లో ఎంత దూరమో!

ఆ ఊళ్లో కొత్తగా నాటిన హాప్స్ మొదటి ఏడు ఎవరో ఒకర్ని పట్టుకుంటుంది. మామూలే. పక్కింటి వెండెలీన్ వాళ్ల తీగ ఉత్తరాలు పంచే పిల్ల చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల ఇప్పుడు ఆ ఇంటి కోడలు. పట్టిన తీగను కొయ్యకూడదు, కోస్తే కింద లేతవేరు చచ్చిపోతుంది.

మే నెలలో మొలకలు మూరెడు లేచాయి. బ్లాజెనా బలమైనవి ఉంచి, తక్కినవి తుంచి గుడ్లతో వేయించింది. ఉంచినవాటిని తాడుకు చుట్టింది, చిక్కుడు తీగను చుట్టినట్టు ఎడమవైపుకి. తెల్లారేసరికి విప్పుకుని నేలమీద పడున్నాయి. మళ్లీ చుట్టింది, మళ్లీ పడ్డాయి. మూడోరోజు కంచె అవతల వెండెలీన్ పగలబడి నవ్వాడు.

"ఊరంతా ఒక దారి, మీ ఆవిడదొక దారిరా ఓటకార్! ద్రాక్షతోటల ఊరి పిల్లను చేసుకుంటే ఇంతే!"

ఓటకార్‌కి తల కొట్టేసినట్టయింది. రెండేళ్లుగా హాప్స్ ఆకైనా ముట్టనివాడు విసురుగా బయటికొచ్చాడు.

"ఇలా తే! గడియారం ముల్లు తిరిగేవైపే చుట్టాలే!"

మొలక అందుకుని తిప్పాడో లేదో, అది తాడును వదిలేసి అతని మణికట్టును చుట్టుకుంది.

"పట్టేసిందిరోయ్!" వెండెలీన్ కేకకి వీధి వీధంతా బయటికొచ్చింది.

హాప్స్‌కి పైకి పోవడం తప్ప ఏం తెలుసు? అతన్ని వాకిలి దాటించి, వంటింట్లోంచి నడిపించి, మెట్ల కింద నిలబెట్టింది. ఆ మర్నాటినుంచి రోజుకో మెట్టు. అవసరాలకి కిందికి దిగితే తీగ సాగేది, పని కాగానే లాక్కొచ్చి ఆనాటి మెట్టెక్కించేది. బ్లాజెనా సూపు మెట్టుమీదికే అందించేది.

పొద్దున్నే వాకిట్లో జనం. "ఇవాళ ఎన్నో మెట్టు?" "నాలుగు!" "శభాష్!" ఒకరు బీరు తెచ్చారు, ఒకరు అకార్డియన్ తెచ్చారు. అయిదు, ఆరు, ఏడు! పాలకేంద్రం కూడా ఆలస్యంగా తెరిచారు.

తొమ్మిదో మెట్టుమీద ఓటకార్ కిందికి చూశాడు. చెమటలు పట్టేశాయి, కాళ్లు గడగడలాడాయి. జేబులోంచి తోటకత్తి తీశాడు. అకార్డియన్ ఆగిపోయింది.

"కోసేస్తానే. నావల్ల కాదు."

పైమెట్టు మీద కూర్చున్న బ్లాజెనా ముందుకు వంగింది.

"కోసెయ్యవయ్యా. నీ చెయ్యి, నీ కత్తి. రెండేళ్లుగా నీ దిండు రోజూ దులిపి పెడుతున్నా. ఇంకెన్నాళ్లు దులపను?"

ఓటకార్ తలెత్తి ఆమెను చూశాడు. తర్వాత కత్తి మడిచి కిందికి విసిరాడు. మెట్ల కింద నిలబడ్డ వెండెలీన్ పట్టుకున్నాడు.

పది. పదకొండు. పన్నెండో మెట్టు ఎక్కిన పొద్దున ఈలలకి ఊళ్లో కోళ్లన్నీ బెదిరిపోయాయి. పడకగదిలో అడుగుపెట్టగానే తీగ మణికట్టు వదిలి, కిటికీ చట్రం పట్టుకుని, తన దారిన ఇంటికప్పు మీదికి పోయింది.

ఓటకార్ కిటికీలోంచి తొంగిచూశాడు. కాళ్లు వణకలేదు! దూరంగా తోటలు, స్తంభాల వరసలు. ఆ వరసల్లో తను పైన తాళ్లు కడుతుంటే కింద తీగలు చుట్టినదెవరో అప్పుడు గుర్తొచ్చింది.

"ఒసేయ్, ఇరవై ఆరేళ్లు నాతో తోటలో తీగలు చుట్టావు. ఒక్కటీ తప్పు చుట్టలేదు. మరి ఇంటి దగ్గరేమైంది?"

బ్లాజెనా దిండు రెండుసార్లు తట్టి అతని వైపు పెట్టింది.

"నువ్వు బయటికి రావద్దా మరి?" అంది.