అత్త అలియాస్ కోడలు

"లాయర్ని పెట్టాలే ధనా. ఇది మనవల్ల అయ్యే పని కాదు" అన్నాడు మా బావ, నేను వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుండగా.

బావంటే నా మొగుడు త్రినాథే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయి ఇరవై రెండేళ్ళయినా ఆ పిలుపు మారలేదు. ఏ మాటైనా నా చేతిలో పని ఉన్నప్పుడే అంటాడు. పని లేనప్పుడు అందామంటే పాపం ఆ అవకాశం ఇంతవరకు దొరకలేదు. చేప దవడతో పత్తి దువ్వుతామంటే పొందూరు బయటివాళ్ళు నవ్వుతారు గానీ, ఆ సన్నటి పళ్ళకి పోయేంత చెత్త ఏ దువ్వెనకీ పోదు. దువ్వాక గింజ తీయాలి, పత్తిని విడదీసి మెత్తగా ఏకాలి, ఏకులుగా చుట్టాలి, అప్పుడు రాట్నం ముందు కూర్చోవాలి. ఇదంతా ఆడవాళ్ళ పని. ఆ నూలు మగ్గం ఎక్కాక నేసేది మగవాళ్ళు. అందుకని ఊళ్ళో మా బావని నేతగాడు త్రినాథ్ అంటారు, నన్ను త్రినాథ్ పెళ్ళాం అంటారు.

లాయరు అవసరం ఎందుకొచ్చిందంటే, స్కాట్లాండులో ఒక నేత కాలేజీ నుంచి మాకు ఉత్తరం వచ్చింది. మీ చేతి నూలు ఒక ప్రదర్శనలో చూశాం, ఇంత సన్నగా ఎలా వడుకుతున్నారో మూడు నెలలు వచ్చి మా పిల్లలకి నేర్పండి, దారి ఖర్చూ బసా మావే, వీసాకి మాత్రం మీరే దరఖాస్తు పెట్టుకోండి అని. డిగ్రీ చదివే మా అమ్మాయి యమున దాన్ని చదువుతూ ఉంటే నా గుండె రాట్నం కన్నా గట్టిగా చప్పుడు చేసింది. ఆ చప్పుడు పై పేరు చదివేదాకానే ఉంది. ఉత్తరం వచ్చింది "శ్రీమతి లక్ష్మణమ్మ గారికి". లక్ష్మణమ్మ మా అత్త. వయసు డెబ్భై మూడు. రాట్నం ముట్టుకోక ఇరవై రెండేళ్ళు.

ఇందులో కాలేజీ వాళ్ళ తప్పేం లేదు. వడికేవాళ్ళకి ఖాదీ సంఘం ఒక కార్డు ఇస్తుంది. మా ఇంటి కార్డు అత్త పేరున ఉంది. నేను వడికిన ప్రతి నూలు చుట్టకీ, అంటే చిలపకీ, అత్త పేరున్న చీటీ కడతారు. పెళ్ళయిన కొత్తలో నా పేరున ఇంకో కార్డు తీసుకుంటానంటే, "ఒకే పొయ్యి కదే, రెండు కార్డులెందుకు?" అన్నాడు బావ. పొయ్యి ఒకటే నిజమే. దాని ముందు నిలబడేది కూడా ఒకతే అయిపోయింది. ఒకసారి ఇంటింటి సర్వేకి వచ్చినాయన మీ ఆవిడ ఏం చేస్తారని అడిగితే, "ఏటీ లేదండి, ఇంట్లోనే ఉంటాది" అని చెప్పి, నా వైపు తిరిగి, "ఒసే, ఆ రాట్నం కాసేపు ఆపు, సారుకి ఇనపడ్డం లేదు" అన్నాడు. నేను ఆపాను కూడా. ఇప్పటికీ ఆ రోజు గుర్తొస్తే కోపం బావ మీద కాదు, ఆపిన నా చేతి మీద వస్తుంది.

బావ ఆలోచన ఇది. ఉత్తరం అమ్మ పేరున వచ్చింది కాబట్టి అమ్మే వెళ్ళాలి. అమ్మ ఒక్కతే వెళ్ళలేదు కాబట్టి తోడుగా తను వెళ్ళాలి. ఇల్లు చూసుకోడానికి నేనుండాలి. "మరి అక్కడ వడికేదెవరు బావా?" అంటే, "అక్కడికెల్లినాక సూద్దుం" అన్నాడు. మా అత్త వక్క నములుతూ, "ఒరే, పెళ్ళికి ఎల్తా పిల్లిని సంకనెట్టుకెల్లినట్టు నాకు తోడు నువ్వేట్రా?" అంది. కొడుకుని పిల్లి అన్నందుకు నాకు కొంచెం హాయిగా అనిపించింది. అయితే ప్రయాణం అంటే ఆవిడ కళ్ళలో కూడా మెరుపు కనిపించింది, అది చూసి నాకు దిగులేసింది. నాకు వెళ్ళాలనుంది. చలిదేశం చూడాలని కాదు. ఒక గదిలో పదిమంది కూర్చుని నా చేతుల వంక చూస్తూ, ఇదెలా చేశారమ్మా అని అడిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకోవాలనుంది. ఆ మాట పైకి అనలేదు. అనకపోవడం కూడా నాకు బాగా వచ్చిన పనుల్లో ఒకటి.

దరఖాస్తుతో పాటు వడుకుతున్న వీడియో ఒకటి పంపమన్నారు కాలేజీ వాళ్ళు. అత్తకి పట్టుచీర కట్టి రాట్నం ముందు కూర్చోబెట్టాం. మొదటి పోగు తెగింది. రెండోది తెగింది. ఏడోది తెగాక, "ఈ పత్తి మంచిది కాదు" అంది అత్త, తెల్లవారుజాము నుంచీ నేను దువ్విన పత్తిని చూపించి. అప్పుడు బావకి ఉపాయం తట్టింది. ముఖం అత్తది, చేతులు నావి. నేను అత్త వెనకాల దుప్పటి కప్పుకుని కూర్చుని, ఆవిడ చంకల కిందనుంచి చేతులు పెట్టి వడకాలి. వడికాను! సిగ్గులేకుండా చెప్తున్నాను, బాగా వడికాను. ముందు అత్త దేవతలా చిరునవ్వు నవ్వుతోంది, కింద నా చేతులు తిరుగుతున్నాయి. మధ్యలో అత్తకి ముక్కు దురద పుట్టి తన చెయ్యెత్తి గోక్కుంది. వీడియోలో మా అత్తకి మూడు చేతులు వచ్చాయి. యమున నవ్వి నవ్వి ఫోను కింద పడేసింది.

అందుకే లాయరు. నలుగురం బస్సెక్కి శ్రీకాకుళం వెళ్ళాం. లాయరు మురళీమోహన్ గారిది పొలం గట్టు తగాదాల్లో చాలా పెద్ద పేరట. వీసాలు చూస్తారా అని బావ అడిగితే, "వీసా ఏటండీ, పట్టా లాంటిదే. పేరు, సాక్షి, ముద్ర" అన్నారు. కథంతా విన్నారు. కార్డు ఒకరిది, చెయ్యి ఒకరిది, ఇద్దరి పేర్లూ కలవడంలేదు, అంతే కదా అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"చిన్న అఫిడవిట్ పడేద్దాం. మా దగ్గర రోజూ రాసేదే. లక్ష్మణమ్మ అలియాస్ ధనలక్ష్మి, ఇద్దరూ ఒక్కరే అని."

బావ తలూపాడు. నా మొగుడు, ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కుర్చీలో కూర్చుని, మేమిద్దరం ఒక్కరమే అంటే తలూపాడు. ఎందుకూపడు? పొద్దున్న కాఫీ ఎవరిచ్చినా కాఫీయే కదా, చూడకుండానే అందుకుంటాడు. నాకు అరవాలనిపించింది. అరిచింది మా అత్త.

"ఒలమ్మో! నానూ ఇదీ ఒక్కలమే అయితే, ఈడు నాకేటవుతాడు లాయరు బాబూ? కొడుకా, మొగుడా?"

గుమస్తా టైపు చేయడం ఆపేశాడు. లాయరు గారు కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "అది కాగితం మీద మాటమ్మా, పైకెవరూ అడగరు" అన్నారు.

"కాగితం మీద మాటైతే సదివినోల్లు ఏటనుకుంతారు? నా కొడుకు నన్నే సేసుకున్నాడనా?"

ఆయనకి చిరాకేసింది. "మీకు పని కావాలంటే ఇలాగే అవుతుందమ్మా. ఉన్నది ఉన్నట్టు రాసుకోవడానికైతే నా దాకా ఎందుకొచ్చారు? అది మీ అమ్మాయి ఫోనులో రాసేస్తుంది" అన్నారు.

ఆ గదిలో ఆయనకు తెలియకుండానే మాకు ఇచ్చిన అసలు సలహా అదే. నేను లేచి నిలబడ్డాను. "సెలవిప్పించండి సార్, అలాగే రాస్తాం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బావ కూర్చునే ఉన్నాడు. అత్త లేచింది, యమున లేచింది, చివరికి తనూ లేవక తప్పలేదు.

బస్సులో అత్త నా పక్కన కూర్చుంది. కిటికీలోంచి చూస్తూ, "మా అత్త జగ్గమ్మ పేరున నాను ముప్పయ్యేళ్ళు వడికినాను, తెల్సా?" అంది. నాకు తెలియదు. "ఆవిడ పోయినాక కార్డు నా పేరున వొచ్చినాది. రెండేళ్ళు నా పేరున నానే వడుక్కున్నాను. అంతలో నా సూపు తగ్గిపోనాది, నువ్వొచ్చినావు. మరి నీ నూలుకి నా పేరు కడతంటే ఊరుకున్నానెందుకో! నాకు బాగుండేదే. నాను వడికినట్టే ఉండేది." అప్పటిదాకా ఈ కార్డు విషయంలో అత్త మీద నాకు లోపల ఎంత కక్ష ఉందో నాకే తెలుసు. ఆవిడకు చీర కుచ్చిళ్ళు సర్దేటప్పుడు కూడా ఉంది. ఇప్పుడది కదిలింది. పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు. కానీ ఆవిడ తల నా భుజం మీదికి వాలితే సర్దుకుని కూర్చున్నాను.

మర్నాడు అత్తే నన్ను సంఘానికి తీసుకెళ్ళింది. అక్కడి గుమస్తా, ఇప్పుడెందుకమ్మా ఇన్నేళ్ళూ గడిచింది కదా అంటే, "గడిసింది నీకా, దానికా? దాని పేరు రాయి" అంది. పదిహేను రోజులకి కార్డు వచ్చింది. ఫోటోలో నేను ఎవరితోనో తగవు పెట్టుకున్నదానిలా ఉన్నాను, అయినా నేనే. జరిగినదంతా యమున చేత కాలేజీకి రాయించాను, మూడు చేతుల సంగతితో సహా. అక్కడి మేడమ్ క్షమాపణ చెప్పి, నా పేరున కొత్త ఆహ్వానం పంపారు.

ఆదివారం ఫారం ముందు కూర్చున్నాం. వృత్తి అన్న చోట గృహిణి అని పెట్టబోయింది యమున, అలవాటు కొద్దీ. "నూలు వడుకుతాను అని రాయవే" అన్నాను. ఎన్నేళ్ళుగా అంటే ఇరవై రెండు. బావ పక్కనే కుర్చీలో కూర్చుని, పెద్దమనిషిలా అన్నిటికీ తలూపుతున్నాడు. చివరి ప్రశ్న దగ్గర యమున ఆగింది.

"గడువయిపోయాక నువ్వు తిరిగొచ్చేస్తావని నమ్మకమేటని అడుగుతన్నారమ్మా. కారణాలు రాయాలట."

"మొగుడున్నాడని రాయు. అంతకన్నా ఏటి కావాల?" అన్నాడు బావ.

"మొగుడున్నాడనే ఎల్లిపోయినోల్లున్నారు ఊల్లో" అంది అత్త, వక్క కత్తిరిస్తూ.

బావ ముఖంలో ఏదో మారింది. "ఒసే ధనా, నిజంగా తిరిగొచ్చేస్తావు కదేటి?" అన్నాడు. ఇన్నేళ్ళలో నన్ను బోలెడు ప్రశ్నలు అడిగాడు, చారు కాచావా, గుండీ కుట్టావా, మంచినీళ్ళేవి. వాటన్నిటికీ జవాబు తెలిసే అడిగాడు. జవాబు తెలియక అడిగిన ప్రశ్న ఇదొక్కటే. నాకు జాలేసింది. అయినా తొందరపడలేదు.

"ఎందుకు తిరిగి రావాలో నువ్వే సెప్పు బావా. నువ్వు సెప్పిందే రాస్తాను" అన్నాను.

"ఇల్లు..." అన్నాడు. ఆగాడు. "అన్నం..." అన్నాడు. తన మాట తనకే వినిపించినట్టుంది. లేచి వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాడు గానీ మగ్గం చప్పుడు వినిపించలేదు. సోమవారమూ వినిపించలేదు. మంగళవారం పొద్దున నేను యమునని పిలిచి, "రాసుకో. నాకు ఇక్కడ పని ఉంది. ఇది మా ఊరి పని, నాకు వచ్చిన పని. దాన్ని ఇంకా చాలామందికి నేర్పాలి" అని చెప్పి, పంపే బొత్తాం నా వేలితో నేనే నొక్కాను.

ఆ సాయంత్రం బావ వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నా చేతిలో పనేమీ లేదు, అది చూసే వచ్చాడు.

"ఆలోసించినాను. రాసుకుంటావేటి?"

"ఫారం పొద్దున్నే పంపీసినాను బావా" అన్నాను. "సెప్పు. ఇప్పుడు అడుగుతన్నది ఫారం కాదు, నాను."