కండ్ల ముందరే కరగబెట్టింది

మా అన్న కూతురు వాసవికి నోట్లో నువ్వుగింజ నానదని ఆ పొద్దు బజారంతా వినేట్టు అరిచినా. అది చేసిన పని అట్లాంటిది మరి.

ప్రొద్దుటూరులో నా బంగారు అంగడి మిద్దె మీదనే దాని కంపెనీ. నగల అంగళ్లలో తూకం, బిల్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తారు. జమ్మలమడుగు, పులివెందుల అంగళ్లలో గూడా అదే నడుస్తాంది. బెంగళూరు కంపెనీ ఒకటి దాన్ని కొంటామని వచ్చింది. కొన్నాక ఇంజనీర్లలో సగం మందిని తీసేస్తారంట. సంతకాలయ్యేదాకా ఆ మాట బయటికి రాకుంటే మేలన్నారు.

ఇదేమో అందర్నీ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేసింది. పోయేవాళ్లకు ఉద్యోగం నేనే చూస్తా అనింది గూడా. ఎవర్ని తీసేస్తారో తెలీక ఇంజనీర్లు ఒక్కొక్కరే కదిలినారు. మొదట ఆరిఫ్ హైదరాబాదు పోయినాడు. ఆ తర్వాత మసరత్. చూస్తాండంగానే మిద్దె మీద తనూజ ఒక్కతే మిగిలింది. ఇంజనీర్లు లేని కంపెనీ మాకెందుకని బెంగళూరోళ్లు ఎనక్కి తగ్గినారు.

నేను కోపంగా మిద్దెక్కితే, తనూజకు ఉద్యోగం కోసం వాసవి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడతాంది.

"ఏంది పాపా ఇది? ఇన్నేండ్ల కష్టం. సంతకాలయ్యేదాకా గమ్మునుంటే నీ సొమ్మేం పోయింది?"

ఫోన్ పక్కన పెట్టింది. ఏడ్చినట్టుంది, కండ్లు ఎర్రగా ఉండాయి.

"చిన్నాయనా, పాత బంగారం మార్చుకునేదానికొస్తే నువ్వు యాడ కరగబెడతావు?"

"తెచ్చినోళ్ల కండ్ల ముందరే. లోపలికి తీసకపోయి కరగబెడితే మళ్లీ మన అంగడి మెట్టెక్కుతారా?"

"వీళ్లూ నన్ను నమ్మి వచ్చినోళ్లే గదా. వీళ్ల బతుకు మాత్రం లోపలికి తీసకపోయి కరగబెట్టమంటావా?"

నేను మెట్లు దిగి అంగట్లోకి వచ్చేసినా.

మర్నాడు బెంగళూరాయన నాకే ఫోన్ చేసినాడు. "ఆదినారాయణ గారూ, మీరు పెద్దలు. పోయినవాళ్లను వెనక్కి పిలిపించమని ఆమెకు చెప్పండి, సంతకాలు చేసేద్దాం."

"ఏం చెప్పి పిలవాలప్పా? తీసేస్తారు, రండి అనా?"

అంతటితో బేరం పోయింది. నాకు శానా బాధయింది, దాచేదేముంది. కానీ ఆ పిల్ల తెగువకు లోపల్లోపల మొక్కుకున్నా.

సాయంత్రం వాసవి నా అంగట్లో కూర్చోనుంటే ఆరిఫ్ ఫోన్ చేసినాడు. "అక్కా, మళ్లీ ఏదన్నా మొదలుపెడితే ముందు నాకు చెప్పు. వచ్చేస్తా."

నా అంగట్లో పని మానుకొని పోయినోళ్లు ఎంతమందో. ఒక్కడు గూడా నాకట్లా ఫోన్ చేయలా.