ఫ్యాన్ ఆపే స్విచ్చు

సొంత తెలివి ఉపయోగించేవాళ్ల బండ్లు ముట్టుకోవాలంటే నాకు పరమ అసహ్యం. నిజామాబాద్‌లో ఇరవై ఆరేళ్లుగా బండ్లకు వైరింగు చేస్తున్నాను. వేడెక్కి పాడైన ఇంజిన్లలో సగం వాటంతటవి పాడవలేదు, యజమానుల వేళ్ల వల్ల పాడయ్యాయి.

బోధన్ పక్క పల్లె నుంచి విష్ణు తెచ్చిన డీజిల్ జీపు వాళ్ల నాన్న కాలం నాటిది. సీట్ల కింద కోళ్ల రెట్ట, తలుపు పొడుగునా గుట్కా చారలు. ఇంజినుతో పాటే తిరిగే పాత ఫ్యాన్ రెక్కలు విరిగిపోతే, తుక్కు కొట్లోంచి ఏదో కారు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పట్టుకొచ్చాడు. ముక్కు మూసుకొని పని చేశాను. రేడియేటరుకు వేడిని పసిగట్టే చిన్న స్విచ్చు పెట్టాను. నీళ్లు కాగితే అదే ఫ్యాన్‌ను తిప్పుతుంది, చల్లబడితే అదే ఆపుతుంది. మనిషి చెయ్యి పెట్టే పనే లేదు.

రెండు రోజులకే విష్ణు మళ్లీ వచ్చాడు.

"తుకారామన్నా, బండి బంద్ జేసినంక సుత ఫ్యాన్ తిరుగుతున్నది. నాకు గీ ఆటో వద్దు. బంద్ జేసే స్విచ్ వెట్టు."

"ఇంజన్ వేడి దిగేదాక తిరుగుతదిరా. దాని పని గదే."

"మా బోరు మోటరుకు ఆటో స్టార్టర్ వెడితే గిట్లనే ఒట్టిగ తిరిగి కాలిపోయింది. రేపు బ్యాటరీ దిగిపోతే మా అవ్వను మిషిన్ మీదికి ఎట్ల తీస్కపోవాలె?"

వాళ్లమ్మ సాయవ్వకు కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు నిజామాబాద్ దవాఖానలో డయాలసిస్. పొద్దున ఏడింటికి అక్కడ లేకపోతే ఆ వంతు ఇంకొకరికి పోతుంది. ఈ మాట చెబితే ఎవరైనా ఏమంటారు? వద్దు వద్దంటూనే ఫ్యాన్ వైరును మధ్యలో తెంపి, డాష్‌బోర్డు కింద ఎడమ పక్కన ఖాళీగా ఉన్న బెజ్జంలో ఒక స్విచ్చు బిగించాను. అది ఆపితే ఇంజిను మరుగుతున్నా ఫ్యాన్ తిరగదు. చెత్త పని. చెత్త అని తెలిసే చేశాను.

పది రోజుల్లో జీపు దారిలో రెండుసార్లు మరిగి ఆగిపోయింది. రెండుసార్లూ సాయవ్వ వంతు తప్పింది. కాళ్లూ ముఖమూ ఉబ్బి, పడుకుంటే ఊపిరాడడం లేదట. మరొక్కసారి తప్పితే మనిషి దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు.

"నీ పని మీద మన్ను వొయ్య!" అని విష్ణు నా షాపు ముందు నిలబడి అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. జీపును అక్కడే అరగంట స్టార్టు చేసి ఉంచాను. ఫ్యాన్ వేళకు తిరిగింది, వేళకు ఆగింది. స్విచ్చు నువ్వే ఆపుతున్నావంటే, అవ్వ మీద ఒట్టు, ముట్టుకోలేదన్నాడు. పచ్చి అబద్ధాలకోరు అనుకున్నాను. వాడి అబద్ధం వాడి ముఖానే కొడదామని మర్నాడు మొదటి బస్సుకు బోధన్ వెళ్లి, వాళ్ల జీపులో వెనక సీటెక్కాను.

సాయవ్వ ముందు సీట్లో ఎడమవైపు కూర్చుంది. ఎడపల్లి దాటాక చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చి మా వేగం తగ్గింది. ఇంజిను వేడెక్కగానే ఫ్యాన్ హోరుమంది. నా వైరింగు బాగానే ఉంది. విష్ణు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

అప్పుడు సాయవ్వ చెయ్యి కొంగు కిందినుంచి నెమ్మదిగా డాష్‌బోర్డు కిందికి పోయింది. ఫ్యాన్ ఆగింది. ట్రాక్టరు మీద హారన్ మోగిస్తున్న కొడుక్కి ఏమీ వినబడలేదు. ముందుకు వంగి చూశాను. స్విచ్చు ఆపి ఉంది. కాసేపటికి బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది. విష్ణు బూతులు తిడుతూ బండి ఆపి, డబ్బా పట్టుకొని నీళ్ల కోసం పక్క పొలంలోకి పరుగెత్తాడు.

"అవ్వా, గదేం పని?"

"సూసినవా?" ఆమె నా వైపు తిరగలేదు.

"సచ్చిపోతవ్ గద!"

"ఎర్కే బిడ్డా. గంత లావు సూదులు. ఇంటికొచ్చి జర మనిషినయ్యేసరికి మల్ల బండెక్కాలె. ఇంక నాతోని కాదురా అంటే వాడు ఏడుస్తడు. వాడు ఏడుస్తుంటే వద్దననీకె నాకు నోరు రాదు. బండి ఆగితే ఎవ్వల తప్పు గాదు." పొలం వైపు చూస్తూ, "వానికి సెప్పకు" అంది.

విష్ణు రొప్పుతూ వచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా బురద. "ఏమైందన్నా? టైముకు పోతమా?" అని అడుగుతూ డబ్బా కింద పెట్టాడు.

చెబితే వీడు బతికుండగానే చస్తాడు. చెప్పకుండా స్విచ్చు ఉంచితే ఆమె పోతుంది. నాకేం హక్కుంది, నేనెవర్ని? ఏమీ తేలలేదు. చేతులు మాత్రం అలవాటైన పనిలోకి దిగాయి.

"స్విచ్ ఖరాబైంది. తీసేస్తున్న."

ఆమె మోకాళ్ల దగ్గర కూర్చొని స్విచ్చు ఊడబీకాను. తెగిన వైర్లు రెండూ కలిపి మెలేసి టేపు చుట్టాను. సాయవ్వ నా వేళ్లనే చూస్తూ కూర్చుంది. ఫ్యాన్ వెంటనే తిరిగింది.

"గిప్పుడు ఎవ్వలు బంద్ జెయ్యరాదు గద అన్నా?"

"రాదు."

వాడు చిన్నపిల్లాడిలా నవ్వాడు. "అవ్వా, ఇంక ఫికర్ లేదే!"

ఇంజిను చల్లారాక నీళ్లు పోసుకొని బయలుదేరాం. ఏడింటికి పది నిమిషాల ముందే దవాఖాన చేరాం. దిగుతూ సాయవ్వ నా భుజం పట్టుకుంది. "మంచిగ జేసినవ్ బిడ్డా" అంది, కొడుక్కి వినబడేలా. తర్వాత కొడుకు చెయ్యి పట్టుకొని లోపలికి నడిచింది.

నా పనిని ఎవరు తిట్టినా నేను పడను. ఆ మెచ్చుకోలు మాత్రం అక్కడే గేటు ముందు ఉమ్మేయాలనిపించింది.