మూడో సిలిండరు రాడ్డు

నేను ఒక కారు ఇంజనులో కనెక్టింగ్ రాడ్డును. పైన పిస్టన్ ఎగిరి దూకుతుంటే, ఆ దూకుడును కిందనున్న క్రాంకుకు అందించి చక్రాలు తిరిగేలా చేసే జానెడు ఇనుప చేయిని. మద్రాసు అవతల ఒక ఫ్యాక్టరీలో అచ్చులో పోసి తీశారు నన్ను. మేము నలుగురం. నాది మూడో సిలిండరు.

మొదటి యజమాని వేదుల సోమయాజులు గారు రాజమండ్రిలో పోస్టుమాస్టరుగా రిటైరయ్యారు. ప్రతి ఆదివారం కారును తానే తుడిచేవారు, అద్దంలా మెరిసేదాకా వదిలేవారు కాదు. ఆయిలు మార్పించడం మాత్రం మరిచిపోయేవారు. కంటికి కనిపించే భాగాల మీద మనుషులకు ఎంత ప్రేమో! అయినా ఆయన్ని తప్పుపట్టను. పదకొండేళ్లలో ఒక్కనాడూ నన్ను పరుగెత్తించలేదు.

తరవాత కారు వంతాల సుగుణ చేతికి వచ్చింది. చోడవరం సంతలో పసుపు, పిప్పళ్లు అమ్ముకున్న వాళ్లను తిరిగి పాడేరు చేర్చడం ఆమె బతుకుతెరువు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను రొప్పేది. నిటారు మలుపుల్లో ఒకరిద్దరు దిగి నడిస్తేనే బండి కదిలేది. ముందుగా దిగేది సుండ్రమ్మ అనే ముసలామె. మోకాళ్లు పట్టుకుని కుంటుతూ, "బండికీ ఊపిరాడాల కదే" అని నవ్వేది. సుగుణకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. స్టీరింగు మీద ఆమె వేళ్లు బిగుసుకుపోయేవి.

ఇంజనులోకి గాలిని బలంగా ఊదే టర్బో పెట్టిస్తే దానికి బలం వస్తుందని ఎవరో చెప్పగానే సుగుణ బండిని విశాఖపట్నం తోలుకొచ్చింది. ఒక షాపువాడు రెండు రోజులు చాలన్నాడు. కానీ ఆమెకు తెలిసిన మెకానిక్కు సూరాడ పోలరాజు మూడు వారాలన్నాడు.

"కాఫీ పళ్లు కోతకొచ్చీ టైము బాబాయ్! మూడు వారాలు బండి లేపోతే నానేటయిపోవాల? ఆ షాపోడు రెండ్రోజుల్లో బిగించేత్తానన్నాడు."

"బిగించడానికి రెండ్రోజులే తల్లీ. అది ఊదీ గాలికి లోపలోళ్లు తట్టుకోవాల కదేటి? ముందు ఎముకలు గట్టిపడనీ. ఆనక బలం ఎక్కిద్దాం."

సుగుణ విసురుగా వెళ్లిపోయింది. సందు మొదలు దాకా వెళ్లి, ఏమనుకుందో వెనక్కి వచ్చి తాళాలు బల్ల మీద పెట్టింది.

పోలరాజు ఇంజను విప్పాడు. మా నలుగురినీ కడిగి, ఆరబెట్టి, ఒళ్లంతా ఎర్రమందు పూశాడు. తుడిచేసి పైన తెల్లటి పొడి చల్లాడు. మిగిలిన ముగ్గురి మీదా పొడి తెల్లగానే ఉంది. నా నడుము దగ్గర మాత్రం వెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా పైకి తేలింది. అది పగులు; అందులోకి దిగిన ఎర్రమందే పొడిలోకి ఊరింది. నాలోనే ఉన్నా అది ఉన్నట్టు నాకే తెలియదు.

పోలరాజు ఫోను చేసి సుగుణను పిలిపించాడు. ఆమె ఆ గీతను గోటితో తడిమి చూసింది. "టర్బో పెట్టినాక ఇది ఘాట్లో ఇరిగితే?"

"ఇంజను గోడ సీల్చుకుని బయటికొత్తాది. ఆయిలంతా టైర్ల కింద పడతాది. పక్కన లోయ."

ఆమె గీత మీంచి వేలు తీసేసింది. "మూడు వారాలే కాదు, నెల పట్టనీ బాబాయ్" అంది.

మా స్థానంలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి చేసిన గట్టి రాడ్లు వచ్చాయి. పిస్టన్లూ అలాంటివే. బోల్టులు మార్చారు, ఇంజను పైమూత హెడ్డు కింద గాలి కారకుండా మందమైన గాస్కెట్టు వేశారు. అన్నీ అయ్యాకే టర్బో ఎక్కింది. అసూయపడ్డానా అంటే, ఒక పూట పడ్డాను. కానీ పోలరాజు నన్ను పారేయకుండా గుడ్డతో తుడిచి, "లచ్చన్నర కిలోమీటర్లు మోసినావు" అని కళ్లకద్దుకుని బల్ల మీద పెట్టాడు. ఇంజను లోపల పనిచేసే వాళ్లకు దండం దొరకడం అరుదు.

రెండు నెలల తరవాత సుగుణ ఆయిలు మార్పించడానికి వచ్చింది. "మలుపు కాడ సుండ్రమ్మ అలవాటుగా తలుపు తీసింది బాబాయ్. కూకో అమ్మా, ఇంక దిగక్కర్లేదన్నాను. పైకెళ్లినదాకా నా భుజం పట్టుకుని ఒగ్గలేదు" అంటూ కళ్లు తుడుచుకుంది.

ఆ వారమే పాత రాడ్డు కావాలని ఒకాయన వచ్చాడు. నున్నగా మెరుస్తున్న నన్ను చూసి, "ఇదిచ్చీ, బాగానే ఉంది కదా" అన్నాడు. పోలరాజు నన్ను అందుకున్నాడు. వైసు దవడల మధ్య బిగించి, సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. పగులు వెంటే రెండు ముక్కలయ్యాను.

ఇప్పుడు పాత ఇనుప సామాను కుప్పలో ఉన్నాను, ఒక ముక్క ఇక్కడ, ఒకటి అక్కడ. నొప్పి లేదు. నన్ను నమ్మి ఏ బండీ ఇక లోయ అంచున వెళ్లదు. ఆ సుత్తి పట్టిన చేయి చల్లగా ఉండాలి.